ఇరవై వారాలకు ఉమ్మనీరు పోయిన కేసు: చట్టం ఎంతవరకు, మన భయం ఎంతవరకు

ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకుంది. ఊరు, వయసు, కుటుంబ వివరాల్లో కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. వైద్యానికీ చట్టానికీ సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను. ప్రసూతి విభాగంలో పీజీ చేస్తున్న పిల్లలు, జిల్లాల్లో ఒంటరిగా ఆసుపత్రి నడిపే డాక్టర్లు దీన్ని చదవాలని నా కోరిక. ఇలాంటి కేసు అర్ధరాత్రి వచ్చినప్పుడు సలహా అడగడానికి పక్కన ఎవరూ ఉండరు.

నేపథ్యం

వరంగల్‌లో మాది ఎంటీపీకి, అంటే చట్టబద్ధంగా గర్భస్రావం చేయడానికి, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఓ మోస్తరు ఆసుపత్రి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చే గర్భిణులు ఎక్కువ. ఆమె కూడా అటువైపు నుంచే వచ్చింది. ఇద్దరు ఆడపిల్లల తల్లి. మొదటిది మామూలు కాన్పు, రెండోది పెద్ద ఆపరేషన్. భర్త గల్ఫ్‌లో పనిచేస్తాడు. సెలవు మీద ఇంటికి వచ్చి వెళ్లాక ఈమె నెల తప్పింది. అత్తతో కలిసి ఉంటుంది, సీజన్‌లో పత్తి ఏరడానికి కూలికి వెళ్తుంది. హిమోగ్లోబిన్ 9.2. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇది అరుదైన సంఖ్యేమీ కాదు.

అందరూ చేయనిది ఒకటి ఆమె చేసింది. రెండో నెల దాటగానే ఆశా వర్కర్ వెంటపడి స్కాన్ తీయించింది. ఆ ఒక్క కాగితం తర్వాత మాకు ఎంతో పనికొచ్చింది. బహిష్టు తేదీ ఆమెకు సరిగ్గా గుర్తులేదు, చెప్పిన తేదీకీ స్కాన్‌కీ మధ్య వారం పైగా తేడా ఉంది. చట్టం వారాలు లెక్కపెడుతుంది కాబట్టి ఆ వారం తేడా చాలా పెద్దది.

తొలి స్కాన్ లెక్కన ఉమ్మనీరు పోయిన రోజుకి ఆమెకు 19 వారాల 5 రోజులు.

మా దగ్గరికి రాకముందు

తెల్లవారుజామున పడుకున్న చోటే బట్టలు తడిసిపోయాయి. మూత్రం అనుకుంది. మధ్యాహ్నానికి కూడా ఆగకపోయేసరికి దగ్గర్లోని క్లినిక్‌కి వెళ్లింది. అక్కడ డాప్లర్ పెట్టి చూసి, 'గుండె బాగా కొట్టుకుంటోంది, కంగారు పడకు, మంచం దిగకు' అని యాంటీబయాటిక్ మాత్రలు రాశారు. రెండు రోజుల తర్వాత అత్త పట్టుబట్టి ఇంకాస్త పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లింది. స్కాన్‌లో ఉమ్మనీరు అసలు లేదని అక్కడే తేలింది. అప్పుడు వాళ్లు పిల్లల గురించి అడిగారు. 'ఇద్దరూ ఆడపిల్లలేనా?'

ఆ తర్వాత వాళ్ల మాట తీరే మారిపోయిందని అత్త చెప్పింది. ఎక్కడెక్కడ స్కాన్ చేయించారు, ఎవరు చెప్పారు, ఏమైనా మందులు వేసుకున్నారా అని మళ్లీ మళ్లీ అడిగారట. చివరికి ఒక చీటీ రాసి పంపించారు. ఆ చీటీ నా దగ్గర ఉంది. దాని మీద ఉన్నది ఇంతే: ఐదో నెల, నీరు లేదు, గుండె చప్పుడు ఉంది, ఇద్దరు ఆడపిల్లలు, పై సెంటర్‌కి. ఆడపిల్లల సంఖ్య కింద గీత గీసి ఉంది. జ్వరం ఎంత, పల్స్ ఎంత, నీరు పోయి ఎన్ని గంటలైంది అన్నవి లేవు. ఆమె ప్రాణానికి సంబంధించినవి ఆ మూడే.

ఆ చీటీ రాసిన డాక్టర్‌ని చెడ్డవాడు అనుకోను. 2023లో వరంగల్ పోలీసులు లింగ నిర్ధారణ ముఠాను పట్టుకున్నప్పటి నుంచి ఇక్కడ ఐదో నెల అబార్షన్ అనగానే చాలామందికి చేతులు వెనక్కి వెళ్తున్నాయి. కడుపులో ఉన్నది ఆడపిల్ల అని చెప్పి తీసేసేవాళ్లను పట్టుకోవాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పకూడదన్నది 1994 చట్టం. గర్భస్రావం ఎప్పుడు, ఎవరు, ఎక్కడ చేయవచ్చన్నది 1971 చట్టం. ఈ రెంటినీ కలిపేసి, ఇద్దరు ఆడపిల్లలున్న తల్లికి ఏం జరిగినా ముందు అనుమానించడం అలవాటైపోయింది. ఆమెకు ఎంతమంది పిల్లలు, ఎవరెవరు అన్నదాన్ని బట్టి వైద్యం ఆపమని ఈ రెండు చట్టాల్లో ఎక్కడా లేదు.

ఆ ఆలస్యానికి ఇంకో ఫలితం ఉంది. నీరు పోయిన రోజున ఆమె 20 వారాల లోపు ఉంది. గర్భం కొనసాగితే తల్లి ప్రాణానికి ప్రమాదమనో, ఆరోగ్యానికి తీవ్రమైన హాని అనో ఒక్క డాక్టర్ నిజాయితీగా అభిప్రాయం రాస్తే చాలు, ఆమె కోరుకుంటే గర్భస్రావం చేయవచ్చు. ఈ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. మా గేటు దాటేటప్పటికి ఆమెకు 20 వారాల 2 రోజులు.

వచ్చినప్పటి పరిస్థితి

జ్వరం 99.4, పల్స్ 104, బీపీ మామూలే. పొట్ట నొక్కితే నొప్పి లేదు. స్పెక్యులం పెట్టి చూస్తే నీరు చేరి ఉంది, వాసన లేదు, గర్భాశయ ముఖద్వారం మూసుకునే ఉంది. వేలితో పరీక్ష చేయలేదు, నీరు పోయిన కేసులో అది ఇన్ఫెక్షన్‌కి దారి తీయడమే. తెల్ల రక్తకణాలు 13,800. గర్భిణికి ఆ మాత్రం ఉండొచ్చు, అందుకని ఆ ఒక్క అంకె చూసి ఏమీ తేల్చలేం. బిడ్డ గుండె నిమిషానికి 168.

ఏ ఒక్కటీ గట్టిగా ప్రమాదం అని చెప్పడం లేదు. అన్నీ కలిపి చూస్తే మాత్రం నాకు నెమ్మదిగా లేదు. పల్స్ 104కి రక్తహీనత కారణం కావచ్చు, ప్రయాణం కావచ్చు, ఇన్ఫెక్షన్ మొదలు కూడా కావచ్చు.

మొదటి నిర్ణయం: ఆగాలా, వద్దా

బిడ్డ విషయం ముందు ఆమెతోనే మాట్లాడాను, అత్తను కాసేపు బయట కూర్చోబెట్టి. ఈ వారాల్లో పుడితే బిడ్డ బతకదు. బతికే వారాల దాకా లాగుదామంటే ఇంకా చాలా ఆగాలి. ఆగినా ఉమ్మనీరు లేని చోట ఊపిరితిత్తులు సరిగా ఎదగవు. ఆగే ప్రతి రోజూ గర్భసంచికి ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం ఉంటుంది, వస్తే అది రక్తంలోకి పోవడానికి ఎక్కువసేపు పట్టదు. కొందరు ఆగుతామంటారు, అదీ వాళ్ల హక్కే. ఇవన్నీ మెల్లగా చెప్పాను. అంతా విని ఆమె అడిగింది, 'మేడమ్, ఆగితే బతుకుతదా?'

బతకడం చాలా చాలా కష్టమమ్మా అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'అట్లయితే నాకు నా పిల్లలు కావాలె. వాళ్లు ఇంటికాడ ఉన్నరు' అంది.

ఆమె నిర్ణయం తేలింది. చిక్కు చట్టంలో ఉంది. 1971 చట్టానికి 2021లో చేసిన సవరణ, అదే ఏడాది సెప్టెంబర్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో గర్భస్రావం చేయవచ్చు, కానీ నిబంధనల్లో చెప్పిన కొన్ని వర్గాల స్త్రీలకే. అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త పోయినవాళ్లు లేదా విడాకులైనవాళ్లు, శారీరక వైకల్యం ఉన్నవాళ్లు, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లు, బిడ్డకు తీవ్రమైన అవకరం ఉన్న కేసులు, విపత్తుల్లో చిక్కుకున్నవాళ్లు. ఉమ్మనీరు ముందే పోయినవాళ్ల పేరు ఆ జాబితాలో లేదు. నీరు లేక ఊపిరితిత్తులు ఎదగకపోవడాన్ని బిడ్డ అవకరం కింద చూపవచ్చా? చూపవచ్చని నా అభిప్రాయం. కాదనే డాక్టర్లూ ఉన్నారు, వాళ్ల వాదనా కొట్టిపారేయదగ్గది కాదు. ఆమెకు పుట్టుకతో వచ్చే లోపమున్న బిడ్డ లేదు, నీరు పోయింది అంతే అంటారు వాళ్లు.

ఇక అదే చట్టంలో సెక్షన్ 5 ఉంది. తల్లి ప్రాణం కాపాడటానికి వెంటనే గర్భస్రావం చేయాల్సిందేనని డాక్టర్ నిజాయితీగా భావిస్తే వారాల పరిమితి ఉండదు, రెండో డాక్టర్ అభిప్రాయం అక్కర్లేదు, ఫలానా చోటే చేయాలన్న నిబంధన కూడా వర్తించదు. ఇది 1971 నుంచీ చట్టంలో ఉన్నదే. అయితే ఆ సాయంత్రం ఆమె లేచి కూర్చుని ఇడ్లీ తింటోంది. ఇప్పుడే ప్రాణాపాయం అని నేను రాయగలనా? రాయలేను అనిపించింది. అలాగని బీపీ పడిపోయేదాకా చూస్తూ కూర్చోవాలని సెక్షన్ 5 చెప్పడం లేదు. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే ఈ కేసంతా.

పనికిరాని ప్రయత్నాలు

మొదట పెద్ద ఆసుపత్రిలో పనిచేసే సీనియర్‌కి కాగితాలు పంపి సలహా అడిగాను. గుండె చప్పుడు ఉంది కాబట్టి గమనిస్తూ ఉండండి అని జవాబు వచ్చింది. తప్పు సలహా కాదు. కానీ ఏం గమనించాలి, ఎంతసేపు, ఏది కనిపిస్తే ఆగకూడదు అన్నది అందులో లేదు. గమనిస్తూ ఉండండి అన్న మాట కేస్ షీట్‌లో రాస్తే రాత్రి డ్యూటీ సిస్టర్‌కి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మెడికల్ బోర్డుకి పంపుదామని మా ఆసుపత్రి మేనేజర్ అన్నాడు. బోర్డు ఉన్నది 24 వారాలు దాటాక బిడ్డకు తీవ్రమైన అవకరాలున్న కేసుల కోసం. అభ్యర్థన అందిన 3 రోజుల్లో అభిప్రాయం చెప్పాలని నిబంధన. ఈమెది ఆ కేసు కాదు, ఈమెకు 3 రోజుల టైమూ లేదు. అయినా బోర్డు అనే మాట వినగానే గదిలో అందరి ముఖాలూ తేలికపడ్డాయి. బాధ్యత మన మీద నుంచి పోతుందన్న ఊరట అది. ఈ ఊరట కోసమే చాలా కేసులు ఒక చోటి నుంచి ఇంకో చోటికి తిరుగుతున్నాయని నా అనుభవం.

మూడోది భర్త సంతకం. అత్త గట్టిగా పట్టుబట్టింది. 'కొడుకు లేకుంట మేము ఎట్ల ఒప్పుకుంటం మేడమ్, రేపు వాడొచ్చి అడిగితే?' మా వాళ్లు కూడా వాట్సాప్‌లో భర్త సంతకం తెప్పిద్దాం, మనకే సేఫ్ అన్నారు. 18 ఏళ్లు నిండిన, మానసిక అనారోగ్యం లేని స్త్రీ విషయంలో ఆమె సమ్మతి తప్ప ఇంకెవరి సమ్మతీ అక్కర్లేదని చట్టం తేటగా చెబుతోంది. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, కుటుంబ సభ్యుల అనుమతి లాంటి చట్టంలో లేని షరతులు డాక్టర్లు పెట్టకూడదని కూడా చెప్పింది. అనుమతి ఇవ్వగల హక్కు భర్తకు ఉందని మనమే కాగితం మీద ఒప్పుకుంటే, వద్దనే హక్కు కూడా ఇచ్చినట్టే. అతనికి రాత్రి షిఫ్ట్, ఫోన్ దొరకలేదు. ఆ సంతకం కోసం ఆగి ఉంటే తెల్లారేది.

భర్తకు తెలియాలా అంటే, ఆమె కోరుకుంటే తప్పకుండా తెలియాలి. ఆమె కోరుకుంది. తర్వాత వీడియో కాల్‌లో నేనే మాట్లాడాను, సంతకం కోసం కాదు.

పనికొచ్చింది

ఆ సాయంత్రమే, ఆమె కుదురుగా ఉండగానే, ఒక పేజీ రాశాను. జ్వరం 102.2 ఒక్కసారి దాటినా, లేదా 100.4 దాటి దానితోపాటు తెల్ల రక్తకణాలు పెరగడమో, నీరు చీములా మారడమో, బిడ్డ గుండె 160 పైన నిలబడిపోవడమో ఉన్నా, గర్భసంచికి ఇన్ఫెక్షన్ వచ్చినట్టే లెక్క. ఇవి నేను కనిపెట్టినవి కావు, ప్రసూతి వైద్యంలో అందరూ వాడే ప్రమాణాలే. వాటి కింద, ఈ స్థితి వస్తే యాంటీబయాటిక్స్‌తో మాత్రమే ఆగం, గర్భసంచి ఖాళీ చేయడం మొదలుపెడతాం, ఇది సెక్షన్ 5 కిందికి వస్తుందని నా అభిప్రాయం, కారణాలు ఇవి, అని రాసి టైమ్ వేసి సంతకం పెట్టాను. ఇంకో ప్రసూతి డాక్టర్‌ని పిలిచి ఆమెను చూపించి, ఆవిడ చేత కూడా రాయించాను. చట్టప్రకారం అవసరం లేదు. కానీ అర్ధరాత్రి ఒక్కదాన్నే నిలబడాల్సి వస్తే రెండో మనిషి ప్రశాంతంగా ఉన్నప్పుడు రాసిన అభిప్రాయం నాకూ జూనియర్లకూ ధైర్యం. ఆమె సమ్మతి ఫారం కూడా అప్పుడే, ఆమె మాటల్లో చదివి వినిపించి తీసుకున్నాం. జ్వరంతో వణుకుతున్న మనిషి దగ్గర సంతకం తీసుకోవడం నాకు ఇష్టం ఉండదు.

గంట గంటకీ జ్వరం, పల్స్ చూడమన్నాను. రెండు సీసాలు గ్రూప్ మ్యాచ్ చేసి పెట్టించాం. పాత సిజేరియన్ కుట్టు, 9.2 హిమోగ్లోబిన్ ఉన్న మనిషికి రక్తం వెతుక్కోవడం తర్వాత పని కాకూడదు.

రాత్రి రెండింటికి జ్వరం 101.2. పల్స్ 126. బిడ్డ గుండె 184. పొట్ట ముట్టుకోనివ్వడం లేదు. ప్యాడ్ మార్చిన సిస్టర్ వాసన వస్తోందని చెప్పింది. తెల్ల రక్తకణాలు 19,400.

పేజీలో రాసుకున్న స్థితి వచ్చేసింది. అయినా జూనియర్ డాక్టర్ ఫోన్‌లో అడిగిన మొదటి మాట, 'మేడమ్, గుండె ఇంకా కొట్టుకుంటోంది కదా, మొదలుపెట్టొచ్చా?' తెలివైన పిల్ల, పని తెలిసిన పిల్ల. ఆమె చదువులో ఈ ప్రశ్నకు జవాబు ఎవరూ చెప్పలేదు. గుండె చప్పుడు ఉన్నంతవరకు చేయకూడదని మన చట్టంలో ఎక్కడా లేదు. ఉన్నదల్లా వారాలు, కారణాలు, తల్లి ప్రాణం.

ఆ రాత్రి ఆ అమ్మాయికి సవితా హలప్పనవర్ గురించి చెప్పాను. బెళగావికి చెందిన డెంటిస్ట్. ఐర్లండ్‌లోని గాల్వేలో 17 వారాల గర్భంతో గర్భస్రావం అవుతూ ఆసుపత్రిలో చేరింది. బిడ్డ దక్కదని తెలిశాక గర్భస్రావం చేయమని అడిగింది. గుండె చప్పుడు ఉందని చేయలేదు. 2012 అక్టోబర్ 28న ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి, సెప్సిస్‌తో చనిపోయింది. ఇన్ఫెక్షన్ గుర్తులను సరిగ్గా గమనించలేదని తర్వాత విచారణల్లో తేలింది. 2018 మే 25న ఐర్లండ్ ప్రజలు ఓటు వేసి రాజ్యాంగంలోని గర్భస్రావ నిషేధాన్ని తీసేశారు. అక్కడి డాక్టర్లకు చట్టం నిజంగానే అడ్డుగా ఉండేది. మనకు ఆ అడ్డు 1971లోనే లేదు. ఉన్న చట్టాన్ని చదవకుండా అక్కడి డాక్టర్ల స్థితిని మనం కోరి తెచ్చుకోవడం నాకు భరించరాని విషయం.

ముందు యాంటీబయాటిక్స్: యాంపిసిలిన్, జెంటమైసిన్, మెట్రోనిడజోల్. బ్లడ్ కల్చర్‌కి రక్తం తీశాకే మొదటి డోసు. సెలైన్ వేగంగా. గర్భసంచిలో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు మందులు ఎంత పోసినా మూలం లోపలే ఉంటుంది, చీముగడ్డను కోయకుండా మాత్రలు మింగినట్టు. అందుకని ఆగకుండా, గర్భసంచిని ముడుచుకునేలా చేసే మిసోప్రోస్టాల్ 400 మైక్రోగ్రాములు నాలుక కింద, మూడు గంటలకొకసారి. మామూలుగా ముందు మిఫెప్రిస్టోన్ ఇచ్చి ఒకటి రెండు రోజులు ఆగుతాం. ఇన్ఫెక్షన్‌లో ఆ టైమ్ లేదు. యోనిలో పెట్టలేదు, అసలు సమస్య అక్కడే కాబట్టి. ఒక్క పాత సిజేరియన్ ఉన్నంత మాత్రాన ఈ వారాల్లో మిసోప్రోస్టాల్ ఇవ్వకూడదని కాదు, కుట్టు దగ్గర నొప్పి, పల్స్ పెరగడం, రక్తస్రావం కనిపెట్టుకుని ఉండాలి. గర్భసంచి కోసి తీద్దామా అని కూడా ఒకరు అడిగారు. ఇన్ఫెక్షన్ ఉన్న గర్భసంచిని కోయడం ఆమెకు ఇంకో ప్రమాదం, రేపటి గర్భానికి ఇంకో కుట్టు. మాత్రలు పనిచేయకపోతేనే అనుకున్నాం.

రాత్రి డ్యూటీలో ఉన్న సీనియర్ సిస్టర్ తన విశ్వాసం ప్రకారం గర్భస్రావం మాత్రలు తన చేత్తో ఇవ్వదు. ఈ విషయం ఎప్పటినుంచో మాకు తెలుసు, ఆవిడ దాచుకోలేదు. మాత్రలు ఇంకో సిస్టర్ ఇచ్చింది. మిగిలినవన్నీ ఆవిడే చేసింది. గంట గంటకీ పల్స్ రాసింది, సెలైన్ మార్చింది, వణుకు వచ్చినప్పుడు దుప్పటి కప్పి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. మనసొప్పని పని ఎవరి చేతా బలవంతంగా చేయించక్కర్లేదు. కానీ మనసొప్పదని చెప్పాల్సింది ఇలా ముందే, వేరే ఏర్పాటు చేసుకునే టైమ్ ఉండగా. ప్రాణం మీదికి వచ్చాక తప్పుకునే హక్కు డాక్టర్‌కి లేదు.

మూడో డోసు తర్వాత కాన్పు అయింది. మాయ రాలేదు. ఓటీలోకి తీసుకెళ్లి తీయాల్సి వచ్చింది, రక్తం సుమారు 900 మిల్లీలీటర్లు పోయింది, రెండు సీసాలూ ఎక్కించాం. ఒక దశలో పై బీపీ 88కి పడింది. యాంటీబయాటిక్, రక్తం, మత్తు డాక్టర్ అన్నీ ముందే సిద్ధంగా ఉండబట్టి అక్కడితో ఆగింది. ఇంకో పూట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో ఈ కేసు చదివే డాక్టర్లకు నేను చెప్పక్కర్లేదు.

మాయను పాథాలజీకి పంపాం. ఇన్ఫెక్షన్ ఉందని రిపోర్ట్ వచ్చింది. ఇలాంటి ప్రతి కేసులో పంపండి. ఎవరైనా అడిగిన రోజున మీ అభిప్రాయం నిజాయితీగా ఏర్పరచుకున్నదేనని చెప్పే కాగితం అది. నిజాయితీగా చేసిన పనికి రక్షణ చట్టంలోని సెక్షన్ 8లో ఉంది. ఆ నిజాయితీ కేస్ షీట్‌లో కనపడాలి.

కాన్పు తర్వాత

బిడ్డను చూస్తానని ఆమె అడిగింది. తెల్ల బట్టలో చుట్టి చూపించాం. అత్త కూడా చూసింది, కన్నీళ్లు పెట్టుకుంది. ఆడా మగా అన్నది ఇక్కడ రాయను. తర్వాత నన్ను అడిగిన తోటి డాక్టర్లు చాలామంది. మగబిడ్డ అంటే ఆమె నిర్దోషి, ఆడబిడ్డ అంటే ఏదో ఉంది అన్న ఆలోచన ఆ ప్రశ్న వెనక ఉంది. జ్వరం 101.2 ఉన్న తల్లి తన మీద అనుమానం పోగొట్టుకోవాల్సిన పని లేదు.

జ్వరం రెండు రోజుల్లో దిగింది. మూడో రోజు పొద్దున పాలు వచ్చి రొమ్ములు గట్టిపడ్డాయి, జాకెట్ తడిసింది. దీని గురించి మనం ముందుగా చెప్పం, నాలుగైదు నెలలకు పోయిన గర్భానికి పాలు రావని చాలామంది డాక్టర్లే అనుకుంటారు. పాలు ఆపడానికి క్యాబర్‌గోలిన్ ఇచ్చాం. ఆ రోజు ఆమె ఏడ్చినంత ముందు రోజుల్లో ఏడవలేదు.

ఇద్దరు పిల్లలున్నారు కదా, పనిలో పని కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసేద్దామని వార్డులో ఒకరు అన్నారు. వద్దన్నాను. ఇన్ఫెక్షన్ తగ్గని ఒంటికి అది వైద్యంగానూ తప్పు, బిడ్డ పోయిన మూడో రోజున అడగడం మనిషిగానూ తప్పు. కాపర్-టీ కూడా అప్పుడు పనికిరాదు. గర్భం రాకుండా వేసే అంతరా ఇంజెక్షన్ గురించి, మాత్రల గురించి చెప్పి పంపాం, ఆలోచించుకుని వస్తానంది.

నేర్చుకున్నవి

తెలంగాణలో ప్రసూతి మరణాలు 2018-20 లెక్కల ప్రకారం లక్ష జననాలకు 43. దేశం మొత్తానికి అదే సమయంలో 97. ఇంటి కాన్పులు తగ్గడం, 108, ఆశా వర్కర్ల శ్రమ, వీటన్నిటి ఫలితం అది. ఆ 43ను ఇంకా తగ్గించాలంటే మిగిలినవి ఇలాంటి కేసులే: ఆసుపత్రి ఉంది, మందు ఉంది, డాక్టర్ ఉన్నాడు, చేయొచ్చా అన్న టెన్షన్‌లో గంటలు పోతున్నాయి.

ఆ టెన్షన్ ఊరికే రాలేదు. చట్టం తెలియక వచ్చింది కొంత, రెండు చట్టాలు కలిపేసుకోవడం వల్ల వచ్చింది కొంత. మైనర్ కేసులో పోక్సో కింద పోలీసులకు చెప్పాల్సిన బాధ్యత ఉంది కాబట్టి, పెళ్లైన స్త్రీ కేసులో కూడా పోలీసులకు చెప్పాలేమో అనుకునేవాళ్లు ఉన్నారు. చెప్పక్కర్లేదు. పైగా చట్టం అధికారం ఇచ్చినవాళ్లకు తప్ప ఆమె వివరాలు ఇంకెవరికి చెప్పినా ఏడాది దాకా జైలు ఉంది. మందుల షాపులు కూడా అనవసరమైన కాగితాల తలనొప్పి ఎందుకని గర్భస్రావం మాత్రలు పెట్టడం మానేస్తున్నాయి. మిసోప్రోస్టాల్ కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి కూడా కావాలి. అది దొరకని చోట నష్టపోయేది కాన్పుకొచ్చిన ప్రతి స్త్రీ.

20 నుంచి 24 వారాల మధ్య, ఇన్ఫెక్షన్ ఇంకా రాని, ఉమ్మనీరు పోయిన స్త్రీల గురించి నిబంధనల్లో ఒక వాక్యం చేరిస్తే చాలా తగాదా తీరుతుంది. అప్పటిదాకా ఆమెకు జ్వరం వచ్చేదాకా ఆగాల్సి రావడం వైద్యపరంగా సరైన స్థితి కాదని నా గట్టి అభిప్రాయం. ఈ కేసులో ఆమె ఆగింది, బతికింది. అందుకు ఆమె ఇచ్చిన మూల్యం 900 మిల్లీలీటర్ల రక్తం.

మా ఆసుపత్రిలో ఇప్పుడు నీరు పోయిన ప్రతి గర్భిణికీ చేరిన గంటలోనే ఆ పేజీ రాస్తున్నాం. రెఫర్ చేసే చీటీ నమూనా మార్చాం: నీరు పోయిన తేదీ, టైమ్, తొలి స్కాన్ లెక్కన వారాలు, జ్వరం, పల్స్, ఇచ్చిన మందులు. పిల్లలు ఆడా మగా అన్న గడి తీసేశాం. కాన్పుల సంఖ్య, సిజేరియన్లు మాత్రం ఉంచాం. ఆమెను ముందు చూసిన రెండు చోట్లకూ పేరు లేకుండా ఈ కేసు వివరాలు ఉత్తరంగా పంపాను. ఒక చోటి నుంచి ఫోన్ వచ్చింది, 20 వారాల లోపు ఒక్క డాక్టర్ చాలని తనకు ఖచ్చితంగా తెలియదని, ఆ సెక్షన్లు పంపమని అడిగారు. పంపాను.

ఆరు వారాల తర్వాత చూపించుకోవడానికి వచ్చింది. హిమోగ్లోబిన్ 10.6. డిశ్చార్జ్ కాగితంలో మళ్లీ గర్భం వస్తే ఏం చేయాలో రాసి ఇచ్చాం: ఆరు నెలలైనా ఆగాలి, రెండో నెలలో స్కాన్, మూత్రం ఇన్ఫెక్షన్ ఉంటే వెంటనే మందు, 16 వారాల నుంచి గర్భాశయ ముఖద్వారం పొడవు చూడటం, నీరు పోయినట్టు అనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి. ఈ చివరిది తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించి, కింద వార్డు ఫోన్ నంబర్ వేశాం.